రోజుకో కాగితం: బేస్‌బాల్ చరిత్ర టేబుల్ క్యాలెండర్, ఏడాది వాడాక నా రివ్యూ

బేస్‌బాల్ చరిత్రలో ఈ రోజు ఏం జరిగిందో చెప్పే టేబుల్ క్యాలెండర్ ఏదైనా మీ చేతికొస్తే ముందు జూన్ 2 కాగితం తీసి చూడండి. ఆ ఒక్కటి జాగ్రత్తగా రాశారంటే మిగతాది కూడా జాగ్రత్తగానే రాసుంటారు. 2025 అంతా నా టేబుల్ మీద ఉన్న క్యాలెండర్‌లో ఆ కాగితం సగం చాలా బాగుంది, సగం బాగాలేదు. మొత్తం క్యాలెండర్ గురించి నేను చెప్పబోయేదీ ఇంచుమించు అదే. ఐదుకి మూడున్నర ఇస్తాను. ఆ మూడున్నర ఎందుకో, మిగిలిన ఒకటిన్నర ఎక్కడ పోయిందో రాస్తాను.

కంపెనీ పేరు రాయడం లేదు. ఇలాంటి క్యాలెండర్ ఏది కొన్నా ఏం చూసుకోవాలో చెప్పడమే నా ఉద్దేశం.

మేం ఉండేది మిషిగన్‌లో, డెట్రాయిట్‌కి దగ్గరలో. మా అబ్బాయి లిటిల్ లీగ్ అనే పిల్లల బేస్‌బాల్ పోటీల్లో చేరినప్పటినుంచీ వాళ్ల టీమ్‌కి స్కోర్‌బుక్ రాసేది నేనే. స్కోర్‌బుక్ రాసేవాళ్లకి తేదీ పట్టింపు ఎక్కువ. పేజీ పైన మొదట రాసేది తేదీ, ఆ తర్వాతే జట్ల పేర్లు. ఆ పట్టింపుతోనే ఈ క్యాలెండర్ కొన్నాను, ఆ పట్టింపుతోనే చదివాను.

వస్తువు సంగతి ముందు చెప్పేస్తాను. అరచేతి కంటే కాస్త పెద్ద చదరపు కాగితాల కట్ట, కింద ప్లాస్టిక్ స్టాండు. ధర 16 డాలర్లు. కాగితం మందంగా ఉంది, పెన్నుతో రాస్తే వెనక్కి ఊరదు. జిగురు మాత్రం ఎక్కువైంది. పై మూలనుంచి లాగితే కాగితం అడ్డంగా చిరుగుతుంది, కింది అంచు పట్టుకుని మెల్లగా పైకెత్తితే శుభ్రంగా వస్తుంది. అక్షరాలు కళ్లద్దాలు లేకుండా చదవగలిగే సైజు. ముందు వైపు ఆ రోజు జరిగిన సంఘటన, వెనక వైపు ఒక క్విజ్ ప్రశ్న. జవాబు మర్నాటి కాగితం మీద ఉంటుంది.

ఇక జూన్ 2.

కాగితం మీద ప్రధానంగా రాసింది 2010లో మా డెట్రాయిట్‌లో జరిగిన ఆట గురించి. డెట్రాయిట్ జట్టు టైగర్స్ పిచర్ (బంతి విసిరేవాడు) అర్మాండో గలరాగా క్లీవ్‌లాండ్ మీద వరసగా 26 మందిని ఔట్ చేశాడు. ఒక్కరూ బేస్ మీదికి చేరలేదు. 27వ మనిషి కూడా ఔటైతే దాన్ని పర్‌ఫెక్ట్ గేమ్ అంటారు. అప్పటికి నూటముప్ఫై ఏళ్ల పైబడిన చరిత్రలో అలాంటివి 20 మాత్రమే. తొమ్మిదో ఇన్నింగ్స్ మొదట్లోనే ఆస్టిన్ జాక్సన్ సెంటర్ ఫీల్డ్‌లో వెనక్కి పరిగెత్తి, భుజం మీదుగా వస్తున్న బంతిని పట్టాడు. ఆ క్యాచ్ చూసినవాళ్లెవరికైనా ఇవాళ ఇది అయి తీరుతుందనే అనిపించి ఉంటుంది. 27వ బ్యాటర్ జేసన్ డొనాల్డ్ కొట్టిన బంతి నేల మీద దొర్లుకుంటూ వెళ్లింది. మిగెల్ కబ్రెరా అందుకుని, ఫస్ట్ బేస్ దగ్గరికి పరిగెత్తుకొచ్చిన గలరాగాకి విసిరాడు. బ్యాటర్ కంటే ముందే బంతి చేరింది. అంపైర్ జిమ్ జాయిస్ మాత్రం సేఫ్, అంటే ఔట్ కాదు, అన్నాడు.

గలరాగా అరవలేదు, చేతులు విసరలేదు. చిన్నగా నవ్వి మౌండ్ (పిచర్ నిలబడే దిబ్బ) మీదికి వెళ్లి తర్వాతి బ్యాటర్‌ని ఔట్ చేశాడు. ఆట తర్వాత వీడియో చూసుకున్న జాయిస్, తను తప్పు చేశానని అందరి ముందూ ఒప్పుకున్నాడు. మర్నాడు హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) దగ్గర ఉండాల్సిన అంపైర్ కూడా ఆయనే. టైగర్స్ లైనప్ కార్డ్ (ఆ రోజు ఆడేవాళ్ల పేర్ల జాబితా) తెచ్చి ఆయన చేతికిచ్చింది గలరాగా. జాయిస్ కళ్లు తుడుచుకుంటూ ఆ కార్డు తీసుకున్నాడు.

క్యాలెండర్ ఇదంతా క్లుప్తంగా, చక్కగా చెప్పింది. మర్నాటి లైనప్ కార్డు సంగతి వదల్లేదు. దీనికే నేను ఎక్కువ మార్కులు వేస్తాను. అంపైర్ తప్పు వల్ల పర్‌ఫెక్ట్ గేమ్ పోయింది అని ఒక్క వాక్యంతో ముగించి ఉంటే చదివినవాళ్లకి జాయిస్ మీద కోపం తప్ప ఏమీ మిగలదు. కమిషనర్ బడ్ సీలిగ్ ఆ నిర్ణయాన్ని మార్చలేదనీ, ఇలాంటి నిర్ణయాల్ని వీడియో చూసి సరిదిద్దే పద్ధతి 2014లో వచ్చిందనీ కూడా రాశారు. ఆ కాగితాన్ని మా అబ్బాయికి చదివి వినిపించాను. "మరి ఇప్పుడు మార్చొచ్చు కదమ్మా" అన్నాడు. లిటిల్ లీగ్ పిల్లాడికి అంతకంటే పెద్ద న్యాయసూత్రం ఇంకేం తెలుస్తుంది! నాకూ అలాగే అనిపిస్తుంది.

అదే కాగితం అడుగున చిన్న అక్షరాల్లో ఇంకో రెండు వరుసలున్నాయి. 1925లో యాంకీస్ ఫస్ట్ బేస్‌మన్ వాలీ పిప్‌కి తలనొప్పి రావడంతో అతని బదులు లూ గెరిగ్‌ని దింపారనీ, ఆ తర్వాత గెరిగ్ 2130 ఆటలు ఆగకుండా ఆడాడనీ.

ఈ తలనొప్పి కథ బేస్‌బాల్ అభిమానులందరికీ తెలుసు. ఒక రోజు సెలవు పెడితే ఉద్యోగం పోతుంది అని చెప్పడానికి ఆఫీసుల్లో కూడా వాడుతుంటారు. కానీ ఆ రోజు జరిగింది అది కాదు. 1925లో యాంకీస్ ఆట ఏమీ బాగాలేదు. జట్టులో అందరికంటే పేరున్న బ్యాటర్ బేబ్ రూత్ జబ్బు చేసి ఆపరేషన్ అయి జూన్ 1నే తిరిగొచ్చాడు. మేనేజర్ మిల్లర్ హగ్గిన్స్ విసిగిపోయి లైనప్‌ని కదిలించాడు. పిప్ ఒక్కణ్నే కాదు, ఆరన్ వార్డ్‌నీ వాలీ షాంగ్‌నీ కూడా కూర్చోబెట్టాడు. పిప్ తలకి దెబ్బ తగిలిన మాట నిజమే, కానీ అది నెల తర్వాత. బ్యాటింగ్ ప్రాక్టీస్‌లో బంతి తగిలి ఆస్పత్రి పాలయ్యాడు. ఆ దెబ్బా ఈ మార్పూ కలిసిపోయి తలనొప్పి కథ పుట్టి ఉంటుంది. ముగ్గురిని ఒకేసారి మార్చారన్న సంగతి బాక్స్ స్కోర్లు (ఆట గణాంకాల పట్టికలు) చూసినవాళ్లెవరికైనా కనిపిస్తుంది. చరిత్ర క్యాలెండర్ అని పేరు పెట్టుకున్నాక ఆ మాత్రం చూడాలి.

ఇంకోటి. 2130 లెక్క జూన్ 2న మొదలవ్వలేదు. అంతకు ముందు రోజు, జూన్ 1న, గెరిగ్ పీ వీ వానింగర్ బదులు ఒక్కసారి బ్యాటింగ్‌కి వచ్చాడు. లెక్క అక్కడినుంచే. మన క్యాలెండర్‌లో జూన్ 1 శని, ఆదివారాల ఉమ్మడి కాగితంలో కలిసిపోయింది. అందులో గెరిగ్ పేరే లేదు.

నాకు బాధ కలిగించింది మాత్రం వీళ్లు వదిలేసిన మూడు సంగతులు. 1941లో గెరిగ్ చనిపోయిన రోజు జూన్ 2. పిప్ స్థానంలో దిగి సరిగ్గా పదహారేళ్లు. అప్పటికి అతనికి 37 ఏళ్లు. ఏఎల్ఎస్ అనే జబ్బు అతని కండరాల్ని ఒక్కొక్కటిగా పడగొట్టింది. ఇవాళ అమెరికాలో ఆ జబ్బుని అతని పేరుతోనే పిలుస్తారు. 2021 నుంచి మేజర్ లీగ్ బేస్‌బాల్ (అమెరికాలో అన్నిటికంటే పై స్థాయి ప్రొఫెషనల్ లీగ్) జూన్ 2ని లూ గెరిగ్ రోజుగా జరుపుతోంది. 1935లో బేబ్ రూత్ బోస్టన్ బ్రేవ్స్‌లో ఉంటూ ఇక ఆడనని చెప్పిందీ జూన్ 2నే. దానికి వారం ముందు పిట్స్‌బర్గ్‌లో ఒకే ఆటలో మూడు హోమ్ రన్లు (బంతిని కంచె దాటించే దెబ్బలు) కొట్టి మొత్తం 714 దగ్గర ఆగాడు. 2010లో గలరాగా ఆట జరిగిన రోజే కెన్ గ్రిఫీ జూనియర్ రిటైరయ్యాడు. 630 హోమ్ రన్లు కొట్టిన మనిషి. మామూలు రోజైతే దేశమంతా అతని గురించే మాట్లాడుకునేది. ఆ రాత్రి అందరూ జాయిస్ గురించి మాట్లాడారు.

గెరిగ్‌కి బతికుండగా కూడా ఇలాగే జరిగింది. 1932 జూన్ 3న ఫిలడెల్ఫియాలో ఒకే ఆటలో నాలుగు హోమ్ రన్లు కొట్టాడు. ఆ రోజే న్యూయార్క్ జెయింట్స్ మేనేజర్ జాన్ మెక్‌గ్రా పదవి వదిలేశాడన్న వార్త బయటికొచ్చి పత్రికల్లో పెద్ద అక్షరాలన్నీ పట్టుకుపోయింది. ఒకే తేదీలో పక్కపక్కనే పడిన సంగతులు ఒకదాన్నొకటి ఎలా మింగేస్తాయో, ఎలా వెలిగిస్తాయో చూపించడానికి తేదీ వారీ క్యాలెండర్ కంటే మంచి సాధనం ఏముంది? ఆ అవకాశాన్ని వీళ్లు చాలా రోజుల్లో వదిలేసుకున్నారు.

ఏప్రిల్ 8 కూడా అంతే. 1974లో హాంక్ ఆరన్ రూత్ రికార్డు దాటిన రోజు. అట్లాంటాలో 53,775 మంది చూస్తుండగా, నాలుగో ఇన్నింగ్స్‌లో, డాడ్జర్స్ పిచర్ ఆల్ డౌనింగ్ వేసిన బంతి మీద 715వ హోమ్ రన్. కంచె అవతల బంతిని పట్టింది అతని జట్టు పిచరే, టామ్ హౌస్. ఇదంతా కాగితం మీద ఉంది. నల్లవాడు రూత్ రికార్డు దాటకూడదంటూ ఆరన్‌కి నెలల తరబడి బెదిరింపు ఉత్తరాలు వచ్చాయని కూడా రాశారు. మెచ్చుకోవాల్సిందే. కానీ సరిగ్గా ఏడాది తర్వాత, 1975 ఏప్రిల్ 8న, క్లీవ్‌లాండ్‌లో ఫ్రాంక్ రాబిన్సన్ మేజర్ లీగ్‌లో మొదటి నల్లజాతి మేనేజర్‌గా మైదానంలోకి వచ్చాడు. అప్పటికి ఇంకా ఆడుతున్నాడు కూడా. తన పేరు తనే లైనప్‌లో రాసుకుని, మొదటిసారి బ్యాటింగ్‌కి వచ్చినప్పుడే హోమ్ రన్ కొట్టాడు. ఆ రోజు తొలి బంతి విసిరింది, ఆధునిక మేజర్ లీగ్‌లో మొదటి నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ భార్య రేచల్. 1972 అక్టోబర్‌లో వరల్డ్ సిరీస్ (సీజన్ చివరి టైటిల్ పోరు) ఆట ముందు జాకీ మైక్ దగ్గర నిలబడి, ఏదో ఒక రోజు మేనేజర్‌గా ఒక నల్లవాణ్ని చూడాలని ఉందన్నాడు. తొమ్మిది రోజులకి చనిపోయాడు. ఈ ముక్క ఏప్రిల్ 8 కాగితం మీద ఆరన్ పక్కన ఉండి ఉంటే ఆ కాగితాన్ని నేను ఫ్రేమ్ కట్టించుకునేదాన్ని.

ఆ కాగితం మీద ఖాళీ చోటు లేకా? ఉంది. సగం కాగితం బంతి బొమ్మకే పోయింది.

తర్వాత అసలు తగువు, తేదీల తగువు. రాత్రి మొదలైన ఆట తెల్లవారుజామున ముగిస్తే అది ఏ రోజుది? వాన పడి ఆగి, రెండు నెలల తర్వాత కొనసాగితే? రికార్డు పుస్తకాల పద్ధతి స్పష్టంగా ఉంది: ఆట మొదలైన రోజే ఆ ఆట తేదీ. నా స్కోర్‌బుక్‌లోనూ అంతే. ఈ క్యాలెండర్ ఒకచోట ఆ పద్ధతి పాటించింది, ఇంకోచోట పాటించలేదు.

1985 జులై 4న అట్లాంటాలో మెట్స్, బ్రేవ్స్ ఆట. వాన వల్ల ఆలస్యంగా, రాత్రి తొమ్మిది దాటాక మొదలైంది. మధ్యలో మళ్లీ వాన. సమం అవుతూ సమం అవుతూ 18వ ఇన్నింగ్స్‌కి వచ్చేసరికి తెల్లవారుజాము మూడు దాటింది. బ్రేవ్స్ ఒక రన్ వెనక, ఇద్దరు ఔట్, బ్యాటింగ్‌కి పంపడానికి ఇంకెవరూ మిగల్లేదు. పిచర్ రిక్ క్యాంప్ వచ్చాడు. బ్యాటు పట్టుకోవడం సరిగ్గా రాని పిచర్లలో కూడా అతను అడుగున ఉంటాడు. రెండు స్ట్రైక్‌లయ్యాయి, ఇంకోటైతే ఔట్. మూడో బంతిని కంచె దాటించాడు. అతని జీవితంలో ఏకైక హోమ్ రన్ అది. చివరికి 19 ఇన్నింగ్స్‌లో మెట్స్ 16-13తో గెలిచింది. ఆట ముగిసింది 3:55కి. ఓడిపోయిన చివరి ఔట్ కూడా క్యాంప్‌దే. స్వాతంత్ర్య దినోత్సవం బాణసంచా కాలుస్తామని మాటిచ్చారు కాబట్టి నాలుగింటికి కాల్చారు. చుట్టుపక్కల జనం ఉలిక్కిపడి లేచి పోలీసులకి ఫోన్లు చేశారు.

క్యాలెండర్ దీన్ని జులై 5-6 వారాంతపు కాగితంలో పెట్టింది. కారణం నాకు అర్థమవుతుంది. జులై 4 గెరిగ్‌ది. 1939లో యాంకీ స్టేడియంలో, డబుల్‌హెడర్ రెండు ఆటల మధ్య, 61,808 మంది ముందు మైక్ దగ్గర నిలబడి ఈ భూమ్మీద అందరికంటే అదృష్టవంతుణ్ని నేనే అన్నది ఆ రోజే. దాని పక్కన ఇంకేదీ నిలవదు, నిజమే. బంతి గాల్లోకి లేచింది కూడా జులై 5నే, అదీ నిజమే. కానీ అది ఏ తేదీ ఆటో కాగితం మీద ఎక్కడా చెప్పలేదు. ఒక్క వాక్యం రాసుంటే సరిపోయేది.

పైన్ టార్ ఆట విషయంలో మాత్రం శ్రద్ధగా రాశారు. 1983 జులై 24, యాంకీ స్టేడియం. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో రెండు ఔట్ల తర్వాత జార్జ్ బ్రెట్ హోమ్ రన్ కొట్టి కాన్సాస్ సిటీని 5-4తో ముందుకు తెచ్చాడు. యాంకీస్ మేనేజర్ బిల్లీ మార్టిన్ వచ్చి, బ్యాటుకి పూసిన పైన్ టార్ అనే జిగట పదార్థం 18 అంగుళాల హద్దు దాటి పైకి ఉందని ఫిర్యాదు చేశాడు. అంపైర్ కొలిచి చూసి బ్రెట్‌ని ఔట్ అన్నాడు. ఆట అయిపోయింది. తర్వాత లీగ్ ప్రెసిడెంట్ లీ మెక్‌ఫెయిల్ ఆ నిర్ణయాన్ని కొట్టేసి, హోమ్ రన్ చెల్లుతుంది, అక్కడినుంచి మళ్లీ ఆడండి అన్నాడు. ఆగస్టు 18న ఆడారు. నిరసనగా మార్టిన్ పిచర్ రాన్ గిడ్రీని సెంటర్ ఫీల్డ్‌లో, ఎడమచేతివాటం డాన్ మాటింగ్లీని సెకండ్ బేస్‌లో నిలబెట్టాడు. పావుగంట లోపే అంతా ముగిసింది. క్యాలెండర్ జులై 24న సగం కథ చెప్పి, మిగతాది ఆగస్టు 18న చూడండి అని రాసింది. నేను చింపిన కాగితాన్ని దాచి ఆగస్టు 18 దాకా ఆగాను. రోజుకో కాగితం అనే పద్ధతిని ఇంత బాగా వాడుకున్న చోటు ఇంకోటి కనిపించలేదు.

అలాంటి చోటే ఇంకోటి వదిలేశారు, హ్వాన్ సోటోది. వాషింగ్టన్‌కి అతను తొలిసారి ఆడింది 2018 మే 20న. కానీ మే 15న వాన వల్ల ఆగిపోయిన ఆటని జూన్ 18న కొనసాగించినప్పుడు అందులో దిగి హోమ్ రన్ కొట్టాడు. రికార్డుల్లో ఆ హోమ్ రన్ మే 15 ఆటలో ఉంది. అంటే మేజర్ లీగ్‌లోకి రావడానికి ఐదు రోజుల ముందే! తేదీల మీద బతికే క్యాలెండర్‌కి ఇంతకంటే ఏం కావాలి? మూడు తేదీల్లో ఎక్కడా లేదు. మే 15 కాగితం మీద నేనే రాసి పెట్టుకున్నాను. ఆగస్టు 26 మీద కూడా రాసుకున్నాను. 2024లో ఆ రోజు డానీ జాన్సెన్ ఒకే ఆటలో రెండు జట్లకీ ఆడాడు. జూన్ 26న ఆట ఆగినప్పుడు టొరంటో బ్యాటర్, కొనసాగినప్పుడు బోస్టన్ క్యాచర్. తను మొదలుపెట్టిన బ్యాటింగ్‌ని ఇంకొకరు పూర్తి చేస్తుంటే ప్లేట్ వెనక కూర్చుని బంతులు పట్టాడు. 2025 క్యాలెండర్లు అచ్చయ్యే సమయానికి ఇది జరిగి ఉండకపోవచ్చు కాబట్టి దీనికి తప్పు పట్టను.

శని, ఆదివారాలకి కలిపి ఒకే కాగితం ఇవ్వడం ఈ రకం క్యాలెండర్లన్నిటిలో ఉన్నదే, కానీ బేస్‌బాల్‌కి ఇది అస్సలు కుదరదు. అక్టోబర్ 25-26 చూడండి. 1986 అక్టోబర్ 25న మెట్స్, బోస్టన్ ఆరో ఆట, బిల్ బక్నర్ కాళ్ల మధ్యనుంచి బంతి జారిపోయిన రాత్రి. 1985 అక్టోబర్ 26న సెయింట్ లూయిస్, కాన్సాస్ సిటీ ఆరో ఆట, అంపైర్ డాన్ డెంకింగర్ ఫస్ట్ బేస్ దగ్గర తప్పు నిర్ణయం ఇచ్చిన రాత్రి. రెండూ వరల్డ్ సిరీస్‌ని తలకిందులు చేసిన ఆటలే. బక్నర్‌కి చోటిచ్చి డెంకింగర్‌ని వదిలేశారు. 2024లో అదే అక్టోబర్ 25న ఫ్రెడీ ఫ్రీమన్ పదో ఇన్నింగ్స్‌లో గ్రాండ్ స్లామ్ (నాలుగు రన్లు తెచ్చే హోమ్ రన్) కొట్టి వరల్డ్ సిరీస్ మొదటి ఆట గెలిపించాడు. ఇకముందు ఆ కాగితం మీద మూడు కథలు పట్టాలి.

నేను గట్టిగా అభ్యంతరం చెప్పేది నీగ్రో లీగ్స్ విషయంలో, అంటే నల్లవాళ్లని మేజర్ లీగ్స్‌లోకి రానివ్వని రోజుల్లో వాళ్లు ఆడిన లీగులు. 1920 ఫిబ్రవరి 13న కాన్సాస్ సిటీలోని ఒక వైఎంసీఏలో రూబ్ ఫాస్టర్ తోటి జట్ల యజమానుల్ని కూర్చోబెట్టి నీగ్రో నేషనల్ లీగ్ స్థాపించాడు. ఫిబ్రవరిలో ఆటలుండవు, ఆ కాగితానికి పోటీ లేదు. అయినా ఆ రోజు క్యాలెండర్‌లో ఉన్నది స్ప్రింగ్ ట్రెయినింగ్ గురించి ఏవో నాలుగు మాటలు. 1920 నుంచి 1948 దాకా ఆ లీగుల్ని మేజర్ లీగ్స్‌గా గుర్తిస్తున్నామని మేజర్ లీగ్ బేస్‌బాల్ 2020 డిసెంబర్‌లోనే ప్రకటించింది. 2024 మే చివర్లో వాటి గణాంకాల్ని అధికారిక రికార్డుల్లో కలిపారు. కెరీర్ బ్యాటింగ్ యావరేజ్‌లో (బ్యాటింగ్ అవకాశాల్లో ఎంత వంతు హిట్లయ్యాయన్న లెక్క) నీగ్రో లీగ్స్ ఆటగాడు జాష్ గిబ్సన్ .372తో మొదటి స్థానానికి వచ్చాడు, టై కాబ్ .367తో రెండోవాడయ్యాడు. డిసెంబర్ 18, కాబ్ పుట్టినరోజు కాగితం మీద మాత్రం చరిత్రలో అందరికంటే ఎక్కువ యావరేజ్ ఇతనిదే అని ఉంది. గిబ్సన్ పుట్టింది డిసెంబర్ 21. మూడు రోజుల తేడా. ఆ వారాంతపు కాగితంలో అతని ఊసే లేదు. తను ఆడగలిగిన రోజుల్లో తలుపు మూసేశారు, 35 ఏళ్లకి చనిపోయాడు, జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్‌కి ఆడటం చూడకుండానే. ఇన్నేళ్ల తర్వాత దక్కిన మొదటి స్థానాన్ని క్యాలెండర్ వాళ్లు కూడా గుర్తించకపోతే ఎలా?

ఇక్కడిదాకా చదివి ఈమెకి ఏదీ నచ్చలేదనుకోకండి. డిసెంబర్ కాగితాలు నాకు ఎంత నచ్చాయంటే, వాటి కోసమే అయినా కొనమంటాను. ఆట లేని నెలలో రాయడానికి ఏముంటుందని చాలామంది అనుకుంటారు. బేస్‌బాల్‌ని నిజంగా మార్చిన సంగతులు చాలావరకు చలికాలంలో, ఆఫీసుల్లో, ఉత్తరాల మీద జరిగాయి. డిసెంబర్ 24 ఆటగాడు కర్ట్ ఫ్లడ్‌ది. సెయింట్ లూయిస్ తనని ఫిలడెల్ఫియాకి పంపేస్తే, 1969లో ఆ రోజున కమిషనర్ బౌవీ క్యూన్‌కి ఉత్తరం రాశాడు, నన్నడక్కుండా కొనడానికీ అమ్మడానికీ నేను వస్తువుని కాదని. దాని మీద వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 1972లో 5-3తో ఓడిపోయాడు. అప్పటికే అతని ఆట జీవితం ముగిసిపోయింది. డిసెంబర్ 23 కాగితం మీద 1975 నాటి సంగతి ఉంది. మధ్యవర్తి పీటర్ సైట్జ్ ఇద్దరు పిచర్ల విషయంలో ఇచ్చిన తీర్పుతో, ఒప్పందం ముగిసిన ఆటగాడు తన జట్టుని తనే ఎంచుకునే దారి తెరుచుకుంది. క్యాలెండర్ క్రమంలో తీర్పు ముందు రోజు వస్తుంది, ఉత్తరం తర్వాతి రోజు. ఫలం ముందు చదివి, దాని కోసం ఆరేళ్ల ముందు ఒక మనిషి ఏం పోగొట్టుకున్నాడో మర్నాడు చదివాను. ఆ రెండు కాగితాలూ చింపకుండా తీసి దాచుకున్నాను.

డిసెంబర్ 26న రూత్ అమ్మకం. బోస్టన్ యజమాని హ్యారీ ఫ్రేజీ 1919లో ఆ రోజు 1,00,000 డాలర్లకి అతన్ని యాంకీస్‌కి అమ్మే కాగితం మీద సంతకం పెట్టాడు. లోకానికి తెలిసింది 1920 జనవరి 5న. రెండు తేదీలూ స్పష్టంగా రాశారు. రిక్ క్యాంప్‌కి చూపించని శ్రద్ధ ఇక్కడ చూపించారు కాబట్టే ఆ లోపం నాకు ఇంకా ఎక్కువ కనిపించింది. డిసెంబర్ 31న ఆటగాడు రాబర్టో క్లెమెంటే. 1972లో భూకంపం వచ్చిన నికరాగ్వాకి సహాయం సామాన్లు తీసుకెళుతూ, ప్యూర్టోరికో తీరం దాటగానే విమానం కూలి చనిపోయాడు. అప్పటికి మూడు నెలల ముందే, సెప్టెంబర్ 30న, తన 3000వ హిట్ కొట్టాడు. ఐదేళ్లు ఆగాలన్న నిబంధన పక్కనపెట్టి మరుసటి ఏడాదే హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి (గొప్ప ఆటగాళ్ల గౌరవ జాబితా) తీసుకున్నారు. ఏ అలంకారం లేకుండా, ఉన్నది ఉన్నట్టు రాశారు. బాగా రాశారు.

క్విజ్ ప్రశ్నలు పిల్లలకి బాగా పనికొస్తాయి. మా ఇంట్లో అందరికంటే ఎక్కువ నచ్చింది ఆగస్టు 4 ప్రశ్న: ఒకే రోజు, రెండు నగరాల్లో, రెండు జట్లకి హిట్ కొట్టినవాడెవరు? జోయెల్ యంగ్‌బ్లడ్. 1982లో ఆ మధ్యాహ్నం షికాగోలో మెట్స్‌కి ఆడుతూ ఫెర్గూసన్ జెంకిన్స్ మీద కొట్టాడు. ఆట మధ్యలో మాంట్రియల్‌కి మార్చేశామని చెప్పారు. విమానం పట్టుకుని ఫిలడెల్ఫియా వెళ్లి రాత్రి ఆటలో స్టీవ్ కార్ల్‌టన్ మీద ఇంకోటి కొట్టాడు. ఆ ఇద్దరు పిచర్లూ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నారు. మా ఆయన క్రికెట్ తప్ప ఇంకోటి చూడరు, ఆయన కూడా ఈ ప్రశ్న తన ఆఫీసులో అడిగొచ్చారు.

కొనాలనుకుంటే రెండు సూచనలు. పదేళ్లు దాటిన పిల్లలున్న ఇంటికి ఇది మంచి బహుమతి, ఎందుకంటే ఒక్కో కాగితం చదవడానికి నిమిషం పట్టదు, దాని గురించి మాట్లాడుకోవడానికి అరగంట పడుతుంది. ఆటతో బాగా పరిచయం ఉన్నవాళ్లకి ఇస్తుంటే పక్కన ఒక సన్న మొన పెన్ను కూడా పెట్టండి, మార్జిన్లు వెడల్పుగానే ఉన్నాయి. పుస్తకాల షాపుల్లో జనవరి రెండో వారానికి సగం ధరకి ఇచ్చేస్తారు, కానీ అప్పటికి రూత్ అమ్మకం బయటపడిన జనవరి 5 దాటిపోతుంది కాబట్టి నేను డిసెంబర్‌లోనే పూర్తి ధర పెట్టి కొంటాను. వచ్చే ఏడాదిదానికి కూడా ఆర్డర్ పెట్టాను. శని, ఆదివారాలకి వేరువేరు కాగితాలిచ్చే క్యాలెండర్ ఎవరైనా తెస్తే ఇంకో ఐదు డాలర్లు ఎక్కువైనా దానికే మారిపోతాను. అలాంటిది మీ కంట పడితే కింద కామెంట్‌లో చెప్పండి.